కె-2 మీటర్ రివ్యూ: ఎర్ర లైటు వెలిగితే ముందు మెట్ల స్విచ్చు చూడండి

చీకటి గది. నైట్ విజన్ కెమెరాలో పచ్చగా మెరిసే కళ్లు. బల్ల మీద అరచేతిలో పట్టే ప్లాస్టిక్ డబ్బా, దాని నెత్తిన వరసగా అయిదు చిన్న లైట్లు. “ఇక్కడ ఎవరైనా ఉంటే లైటు వెలిగించి చెప్పండి” అని ఒకాయన గాలితో మాట్లాడతాడు. కాసేపు ఏమీ ఉండదు. తర్వాత పచ్చ, పసుపు, నారింజ దాటుకుని ఎరుపు దాకా లైట్లు ఎగబాకి చప్పున ఆరిపోతాయి. కెమెరా వెనక ఎవరో ఉలిక్కిపడతారు. సరిగ్గా అక్కడే యాడ్స్ పడతాయి.

అమెరికా దయ్యాల షోల పుణ్యమా అని ప్రపంచమంతా తెలిసిపోయిన ఈ డబ్బా పేరు కె-2 మీటర్. పాడుబడ్డ బంగళాల్లో అర్ధరాత్రి తిరిగే మన యూట్యూబ్ కుర్రాళ్ల చేతుల్లోనూ ఇప్పుడు ఇలాంటివే కనిపిస్తున్నాయి. కొనాలా వద్దా అని ఆలోచిస్తున్నవాళ్లకి జవాబు ముందే చెప్పేస్తాం. ఇది దొంగ సరుకు కాదు, చెప్పిన పని చేస్తుంది. కాకపోతే ఆ పని మీ ఇంటి వైరింగ్‌ని చూడటం. అందుకోసం కొంటే అయిదుకి మూడు నక్షత్రాలు. దయ్యం కోసమైతే ఒక్కటి ఇచ్చినా దండగే.

డబ్బాలో ఉన్నది

లోపల ఒక తీగచుట్ట, దాని సిగ్నల్ పెంచే సర్క్యూట్, అయిదు ఎల్‌ఈడీలు, ఒక 9 వోల్ట్ బ్యాటరీ. అంతే. మారుతూ ఉండే అయస్కాంత క్షేత్రం తీగచుట్టలోంచి వెళ్తే అందులో చిన్న వోల్టేజ్ పుడుతుంది, దాన్ని బట్టి లైట్లు వెలుగుతాయి. 50 నుంచి 1,000 హెర్ట్జ్ (అంటే క్షేత్రం సెకనుకి అన్నిసార్లు ఊగడం) దాకా, ఆ పైన 20,000 హెర్ట్జ్ దాకా పట్టుకుంటుందని తయారీదారు లెక్క. డబ్బా మీద ‘సేఫ్ రేంజ్ ఈఎంఎఫ్’ అని ఉంటుంది, ఈఎంఎఫ్ అంటే విద్యుదయస్కాంత క్షేత్రం. దాని పుట్టుక ఆ పేరులోనే తెలిసిపోతుంది: కరెంటు సామాన్ల చుట్టూ అయస్కాంత క్షేత్రం ఎంతుందో చూసుకోవాలనుకునే గృహస్థుల కోసం చేసిన వస్తువు.

లైట్ల లెక్క ఇదీ. మొదటి పచ్చ ఎప్పుడూ వెలిగే ఉంటుంది, 1.5 మిల్లీగాస్ దాకా అదే (అయస్కాంత క్షేత్రం బలానికి కొలమానం మిల్లీగాస్). రెండోది 1.5 నుంచి 2.5. పసుపు 2.5 నుంచి 10. నారింజ 10 నుంచి 20. ఆ పైన ఎరుపు. చూశారుగా, మెట్లు సమానంగా లేవు. 2.6 ఉన్నా 9.9 ఉన్నా ఒకే పసుపు. ఎరుపు వెలిగాక 21 ఉందో 400 ఉందో తెలుసుకునే దారే లేదు. అంకె చూపించదు, రికార్డు చేయదు, గరిష్ఠ విలువని నిలిపి ఉంచదు. కొలిచే పరికరంగా దీని పెద్ద లోపం ఇదే, టీవీకి నచ్చింది కూడా సరిగ్గా ఇందుకే. చీకట్లో ముల్లు కనపడదు, అంకె చదవబుద్ధి కాదు. రంగు లైటైతే మూడో వరసలో కూర్చున్నవాడికీ కనిపిస్తుంది.

ఎర్ర లైటు చూసి ఆరోగ్యం గురించి కంగారు పడేవాళ్లకి ఒక్క మాట. ఇళ్లలోని 50 హెర్ట్జ్ క్షేత్రానికి రేడియేషన్ భద్రత చూసే ఐసీఎన్ఐఆర్‌పీ అనే అంతర్జాతీయ సంస్థ 2010లో సామాన్య జనానికి పెట్టిన హద్దు 200 మైక్రోటెస్లా, అంటే 2,000 మిల్లీగాస్. ఎర్ర లైటు అందులో నూరో వంతు దగ్గరే వెలుగుతుంది.

రెండు మోడళ్లున్నాయి. పాతదాంట్లో మీట నొక్కి పట్టుకున్నంతసేపే పని చేస్తుంది, కొత్తదాంట్లో ఆన్-ఆఫ్ స్విచ్ ఉంటుంది. కొనేదుంటే రెండోదే కొనండి. పాతదాన్ని బల్ల మీద వదిలేయడానికి మీట సందులో నాణెం దూర్చడం దయ్యాల వేటగాళ్లకి పాత అలవాటు. నాణెం కాస్త కదిలితే కాంటాక్ట్ వదిలి మళ్లీ పట్టుకుంటుంది, ఆన్ అయిన ప్రతిసారీ లైట్లన్నీ ఒకసారి మెరుస్తాయి. బల్ల మీద మోచెయ్యి ఆనించినా చాలు, ఆత్మ జవాబిచ్చినట్టే.

అమెరికాలో ధర 60 డాలర్లకి అటూ ఇటూ. మన దగ్గర ఆన్‌లైన్‌లో తక్కువకి దొరికేవాటిలో నకళ్లు బోలెడు. పై తొడుగు ఒకటే, లోపలి సంగతి ఎవరికి ఎరుక. పైగా తీగచుట్టలో పుట్టే వోల్టేజ్ ఫ్రీక్వెన్సీని బట్టి ఉంటుంది. ఆ తేడాని సరిచేసే సర్క్యూట్ లేని నకలుని అమెరికా 60 హెర్ట్జ్‌కి సరిచూసి అమ్మితే, మన 50 హెర్ట్జ్ మీద ఆరో వంతు తక్కువ చూపిస్తుంది.

చేతికొచ్చిన ముక్క అసలైనదా అని పరీక్ష

ఖర్చు పెద్దగా ఉండదు. 12 వోల్ట్ ఏసీ ఇచ్చే చిన్న ట్రాన్స్‌ఫార్మర్, ఇన్సులేషన్ ఉన్న సన్న తీగ, నాలుగు రెసిస్టర్లు. అడాప్టర్ డీసీ ఇచ్చేదైతే పనికిరాదు, ఇక్కడ కావాల్సింది ఏసీ. తీగని 20 సెంటీమీటర్ల వ్యాసంతో 10 చుట్లు చుట్టండి. ఒక్కోసారి ఒక్కో రెసిస్టర్‌ని తీగచుట్టతో వరసలో కలిపి ట్రాన్స్‌ఫార్మర్ 12 వోల్ట్ వైపుకి తగిలించండి. ఈ చుట్ట మధ్యలో ఒక ఆంపియర్‌కి 628 మిల్లీగాస్ వస్తుంది, కాబట్టి లెక్క తేలిక:

330 ఓమ్‌లు పెడితే 36 మిల్లీఆంపియర్లు, సుమారు 23 మిల్లీగాస్, ఎరుపు.
680 ఓమ్‌లకి సుమారు 11, నారింజ.
1 కిలోఓమ్‌కి సుమారు 7.5, పసుపు.
3.9 కిలోఓమ్‌లకి సుమారు 1.9, రెండో పచ్చ.

330 ఓమ్‌ల రెసిస్టర్ ఒక వాట్ది తీసుకోండి, పావు వాట్ది పెడితే కాలుతుంది. మీటర్ పై భాగం చుట్ట మధ్యలో ఉండాలి. ట్రాన్స్‌ఫార్మర్‌ని మాత్రం కనీసం మీటరున్నర దూరంలో పెట్టాలి, దాని సొంత క్షేత్రమే పసుపు వెలిగించగలదు. చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు లోడ్ లేకుండా 14 వోల్ట్‌ల దాకా ఇస్తాయి, మల్టీమీటర్‌తో చూసుకుని లెక్క సరిచేసుకోండి. 680 ఓమ్‌ల దగ్గర పచ్చ దాటని నకలుని, 3.9 కిలోఓమ్‌ల దగ్గరే ఎరుపెక్కే నకలుని వెనక్కి పంపించేయండి.

ఈ పరీక్షలోనే ఇంకో లోపం బయటపడుతుంది. మీటర్‌ని పక్కకి తిప్పి చూడండి: అదే చోట, అదే కరెంటు, లైట్లు పడిపోతాయి. తీగచుట్ట ఒక్కటే కాబట్టి ఒక్క దిక్కునే చూస్తుంది. గదిలో తిరుగుతూ చేతిని కాస్త మెలితిప్పితే చాలు, ఏమీ మారని చోట కూడా లైట్లు పైకీ కిందకీ ఆడతాయి. అందుకే ఎక్కడ కొలిచినా నిలువు, అడ్డం, ఎదురు మూడు దిక్కులా తిప్పి, ఎక్కువ చూపినదే రాసుకోవాలి.

ఇంట్లో లైట్లు వెలిగించే అసలు పెద్దమనుషులు

తీగ చుట్టూ క్షేత్రం ఎంతుంటుందో చిన్న లెక్కతో మొదలుపెడదాం. ఒంటరి తీగలో ఒక ఆంపియర్ పోతుంటే, మీటరు దూరంలో 2 మిల్లీగాస్. పది సెంటీమీటర్ల దూరంలో 20. అంటే ఎరుపు గడప దగ్గరే. అదే ఆంపియర్ ఫేజ్‌లో వెళ్లి పక్కనే సెంటీమీటరు ఎడంలో ఉన్న న్యూట్రల్‌లో తిరిగొస్తే, రెండు క్షేత్రాలు ఒకదాన్నొకటి చంపుకుని మీటరు దూరంలో నూరో వంతు మిగులుతుంది. సరైన వైరింగ్ ఉన్న ఇంట్లో కె-2 దాదాపు నిద్రపోతుంది. ఎక్కడో ఫేజ్, న్యూట్రల్ విడిపోతేనే లేస్తుంది.

అవి విడిపోయే చోట్లలో మొదటిది మెట్ల లైటు. కింద ఒక స్విచ్చు, పైన ఒక స్విచ్చు ఉండే టూ-వే కనెక్షన్. తీగ మిగుల్చుకోవడానికి కొందరు ఫేజ్ కింది అంతస్తు బోర్డు నుంచి, న్యూట్రల్ పై అంతస్తు నుంచి లాగేస్తారు. లైటు వెలిగినంతసేపూ మెట్ల చుట్టూ పెద్ద వలయంలా కరెంటు తిరుగుతుంటుంది. పాత ఫిలమెంట్ బల్బైతే ఆ మెట్ల మీద కె-2 పట్టుకుని నడిచేటప్పుడు ఒకచోట రెండో పచ్చ, గోడకి ఆనితే పసుపు వెలగవచ్చు. లైటు ఆపితే మాయం. ‘రాత్రిపూట మెట్ల మీదే తిరుగుతుంది’ అన్న కథకి ఇంతకంటే ఏం కావాలి? మెట్ల లైటు రాత్రే కదా వేసేది.

రెండోది న్యూట్రల్, ఎర్త్ కలిసిపోవడం. పాత ఇళ్లలో ఎర్త్ తీగనే న్యూట్రల్‌గా వాడేసిన ప్లగ్గులుంటాయి. కరెంటు సగం న్యూట్రల్‌లో, సగం ఎర్త్‌లో, ఒక్కోసారి ఇనుప నీళ్ల పైపులో తిరిగెళ్తుంది. బాత్రూం గోడ పొడవునా లైట్లు వెలిగితే దీన్ని అనుమానించండి. ఇది నవ్వి ఊరుకునే సంగతి కాదు, షాక్ కొట్టే ప్రమాదం ఉంది. కె-2 మీద పెట్టిన డబ్బు వసూలయ్యే సందర్భం ఏదైనా ఉంటే ఇదే. ఎలక్ట్రీషియన్‌ని పిలవండి.

తనంతట తానే ఆగి మొదలయ్యేవి ఇంకో జాతి. ఫ్రిజ్ కంప్రెసర్, ఆటో స్టార్టర్ ఉన్న బోరు మోటారు, గీజర్ థర్మోస్టాట్, అపార్ట్‌మెంట్ గోడ అవతలి లిఫ్టు. వీటికి మనిషి చెయ్యి అక్కర్లేదు కాబట్టి ‘ఎవరూ ముట్టుకోకుండానే వెలిగింది’ అనడానికి వీలు ఎక్కువ. మీ గోడకి అవతల పక్క ఫ్లాట్ వాళ్ల మీటర్ బోర్డు ఉందేమో కూడా చూడండి. ఫ్యాను రెగ్యులేటర్, చవక ఎల్‌ఈడీ బల్బు డ్రైవరు పుట్టించే రొద కూడా ఈ మీటర్ పరిధిలోకే వస్తుంది.

అన్నిటికన్నా ఎక్కువ తప్పుదారి పట్టించేది మాత్రం జేబులోని ఫోను. 2జీ ఫోను టవర్‌తో మాట్లాడేటప్పుడు సెకనుకి 217 సార్లు బ్యాటరీ నుంచి కరెంటు లాగుతుంది. పాత రేడియో పక్కన ఫోను పెడితే కాల్ వచ్చే ముందు వినిపించే టిక-టిక-టిక్ అదే. 217 హెర్ట్జ్ అంటే కె-2 బాగా వినే పరిధి నడిబొడ్డు. 4జీ ఫోనుకి అంత లయ లేకపోయినా దగ్గర పెడితే లైట్లు వెలిగించగలదు. షూటింగ్ టీముల దగ్గర వైర్‌లెస్ మైకులు, వాకీటాకీలు కూడా ఉంటాయి. దయ్యం ఉందో లేదో గానీ, దాన్ని వెతకడానికి వెళ్లినవాళ్లే గదినిండా సిగ్నళ్లు మోసుకెళ్తారు.

మీటర్‌ని గట్టిగా విదిలించినా లైటు మెరవచ్చు. భూమి అయస్కాంత క్షేత్రం మన ప్రాంతంలో 400 మిల్లీగాస్ పైమాటే. అది మారకుండా ఉంటుంది కాబట్టి మామూలుగా కె-2కి కనిపించదు, కానీ తీగచుట్టే గిర్రున తిరిగితే దానికి మారినట్టే. అందుకే కొలిచేటప్పుడు మీటర్‌ని ఒకచోట ఆనించి పెట్టాలి.

సరిగ్గా వాడే పద్ధతి

కొత్త బ్యాటరీ వేయండి, నీరసపడ్డ బ్యాటరీతో లైట్లు పిచ్చిగా ప్రవర్తిస్తాయి. ఫోన్లన్నీ ఫ్లైట్ మోడ్‌లో పెట్టి బయట గదిలో వదిలేయండి. నేల మీద సుద్దముక్కతో మీటరు దూరానికొక గీత చొప్పున అడ్డంగా, నిలువుగా గీసి, ఒక్కో గడి దగ్గర నేలకి మీటరు ఎత్తులో మూడు దిక్కులా చూసి కాగితం మీద రాయండి. తర్వాత మెయిన్ ఆపి మళ్లీ అన్ని గడులూ చూడండి.

ఇక్కడే చాలామంది బోల్తా పడేది: మెయిన్ ఆపగానే ఇన్వర్టర్ అందుకుంటుంది! సగం లైన్లలో కరెంటు ఇంకా ఉంటుంది. పైగా చవక ఇన్వర్టర్ల కరెంటు నున్నటి అలలా ఉండదు, మెట్లుమెట్లుగా ఉంటుంది, మీటర్‌కి ఇంకా గట్టిగా వినిపిస్తుంది. ‘మెయిన్ ఆపేశాక కూడా వెలిగింది’ అనే వీడియో చూసినప్పుడల్లా ఇన్వర్టర్ ఎక్కడుందో అడగండి. దాన్ని కూడా స్విచ్ దగ్గర ఆపి, మూడోసారి చూడండి. అప్పటికీ వెలుగుతుంటే అది ఇంటి బయటిది: వీధి లైను, ట్రాన్స్‌ఫార్మర్ స్తంభం, పక్కింటి గోడ. ఏ వైపు నడిస్తే పెరుగుతుందో ఆ వైపు వెళ్తే దొరుకుతుంది.

ఇంత చేశాక కూడా ప్రశ్నలడిగి చూడాలనే సరదా ఉంటే, కనీసం పద్ధతిగా చేయండి. పది నిమిషాల ముక్కలు పన్నెండు. ఒక్కో ముక్కకి ముందు నాణెం ఎగరేయండి: బొమ్మ పడితే ప్రశ్నలడగాలి, బొరుసు పడితే నోరు మూసుకుని కూర్చోవాలి. కెమెరా మీటర్ మీదే ఉండాలి. లైట్లు ఎన్నిసార్లు వెలిగాయో తర్వాత లెక్కపెట్టే మనిషికి శబ్దం వినపడకూడదు, ఏ ముక్కలో ప్రశ్నలున్నాయో తెలియకూడదు. మాట్లాడిన ముక్కల్లోనూ మౌనంగా ఉన్న ముక్కల్లోనూ లెక్క ఒకేలా ఉంటే ఆ లైట్లకి మీ ప్రశ్నలతో పని లేదన్నమాట. షోల్లో ఉండేవి మాట్లాడిన ముక్కలే. లైటు వెలిగేదాకా అడుగుతూనే ఉంటారు, వెలగ్గానే జవాబొచ్చిందంటారు, వెలగని నలభై ప్రశ్నలూ ఎడిటింగ్‌లో పోతాయి.

కిట్‌లో కలిపి అంటగట్టే మిగతావి

స్పిరిట్ బాక్స్. ఆగకుండా స్టేషన్లు మార్చుతూ పోయే రేడియో ఇది, ఆ ముక్కల్లోంచే ఆత్మలు జవాబిస్తాయంటారు. 2002లో ఫ్రాంక్ సంప్షన్ అనే అమెరికన్ మొదలుపెట్టిన ఆలోచన. ఎక్కువమంది కొనే పీ-ఎస్‌బీ7 ఒక్కో చోట కనీసం 100 మిల్లీసెకన్లు ఆగుతూ వెళ్తుంది. 88 నుంచి 108 మెగాహెర్ట్జ్ దాకా 0.1 చొప్పున రెండొందల చోట్లు, అంటే 20 సెకన్లకొక చుట్టు. హైదరాబాద్‌లో 91.1, 92.7, 93.5, 98.3, 101.9, 102.8 దగ్గర ప్రతి చుట్టులోనూ ఎవరో ఒకరు మాట్లాడుతూనో పాడుతూనో ఉంటారు. 100 మిల్లీసెకన్లలో పట్టేది మహా అయితే ఒక అక్షరం. మన భాషలో చిక్కంతా అక్కడే ఉంది: రా, పో, నా, నీ, ఏ, తే. ఒంటి అక్షరానికీ అర్థం ఉంది, అందులో మూడు ఏకంగా ఆజ్ఞలు. వేగం తగ్గించి 300కి పెడితే ‘అమ్మ’, ‘నువ్వు’ కూడా పడతాయి. వీడియోలో కింద అక్షరాలు వేయగానే మన చెవికి అదే వినిపిస్తుంది. నమ్మకం కుదరకపోతే తెర కింది భాగాన్ని కాగితంతో మూసి, అయిదుగురికి విడివిడిగా వినిపించి, విన్నది రాయమనండి. అయిదు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూసుకోండి. దీనికి నక్షత్రాలు లేవు. రేడియోగా కూడా పనికిరాదు, ఒక్క పాటా పూర్తిగా వినలేం.

లేజర్ చుక్క వేసే థర్మామీటర్ని ‘కోల్డ్ స్పాట్’, అంటే దయ్యం ఉన్నచోట చల్లబడుతుందనే జాగా, చూడటానికంటూ ఇస్తారు. అది గాలి వేడిని కొలవదు. ఎదురుగా ఉన్న గోడ వేడిని కొలుస్తుంది. గది మధ్యలో చల్లగా అనిపించిందని అక్కడికి గురిపెడితే, అవతలి గోడ ఎంతుందో చెబుతుంది. 12:1 అని రాసి ఉంటే మూడు మీటర్ల దూరంలో 25 సెంటీమీటర్ల వెడల్పు వలయానికి సగటు అన్నమాట, లేజర్ చుక్కకి కాదు. స్టీలు బీరువా, అద్దం, ఇత్తడి గిన్నెల మీద పెడితే తప్పు చూపిస్తుంది, మెరిసేవి తమ వేడిని కాక ఎదుటి వస్తువుల వేడిని తిప్పికొడతాయి. చెమ్మెక్కిన గోడ ఎండుతూ చల్లబడుతుంది, పాడుబడ్డ బంగళాల్లో చెమ్మ లేని గోడ ఎక్కడుంది? గాలి వేడి కావాలంటే మామూలు గది థర్మామీటర్లు నాలుగు కొని నాలుగు మూలలా వేలాడదీయండి. ఇంట్లో తర్వాతా పనికొస్తాయి.

టార్చిలైటు కిటుకు అందంగా ఉంటుంది. మూత తిప్పితే వెలిగే బల్బు టార్చిని, ఆరీ ఆరనట్టు వదులు చేసి బల్ల మీద పెడతారు. వెలిగినప్పుడు వేడికి లోపలి భాగాలు వ్యాకోచించి కాంటాక్ట్ వదిలేస్తుంది, ఆరాక చల్లబడి మళ్లీ తగులుతుంది. అలా ఎవరూ ముట్టుకోకుండానే వెలుగుతూ ఆరుతూ ఉంటుంది. రెండు వెలుగుల మధ్య కాలాన్ని వాచీతో రాసుకుంటే లయ తెలిసిపోతుంది. ఎల్‌ఈడీ టార్చికి అంత వేడి ఉండదు, కాబట్టి ఆత్మలు ఎందుకో పాత బల్బు టార్చిలనే ఇష్టపడతాయి.

నిజంగా కొలిచే పరికరం కావాలంటే ట్రైఫీల్డ్ టీఎఫ్2 చూడండి. ధర కె-2కి దాదాపు మూడింతలు, కానీ మూడు దిక్కులూ ఒకేసారి చూస్తుంది, 0.1 నుంచి 100 మిల్లీగాస్ దాకా అంకె చూపిస్తుంది, విద్యుత్ క్షేత్రాన్నీ రేడియో తరంగాల్నీ విడివిడిగా చూపిస్తుంది. జేబులోని ఫోను వెలిగిస్తోందా, గోడలోని తీగా అన్నది మీట తిప్పితే తేలిపోతుంది.

లైటుకీ దయ్యానికీ లంకె ఎక్కడిది

మీటర్ పట్టుకుని దయ్యం వెతికే బొమ్మ జనం బుర్రలో గట్టిగా పడింది 1984లో, ‘ఘోస్ట్‌బస్టర్స్’ సినిమాతో. అందులో దయ్యాల్ని వెతికే, చెవులు విచ్చుకునే పీకేఈ మీటర్ని బూట్లు పాలిష్ చేసే కరెంటు యంత్రం మీద కట్టారు. ఇరవై ఏళ్లకి, 2004 అక్టోబర్లో, సై-ఫై ఛానెల్లో ‘ఘోస్ట్ హంటర్స్’ మొదలైంది. అందులో నాయకులిద్దరూ పగలు ప్లంబర్లు, రాత్రి దయ్యాల వేటగాళ్లు. ఇద్దరిలో ఒక్కడు ఎలక్ట్రీషియన్ అయ్యుంటే షో మొదటి సీజన్లోనే ముగిసేదేమో.

ఆత్మ ఉంటే అయస్కాంత క్షేత్రం పుడుతుందని చెప్పే, పరీక్షకి నిలిచిన సిద్ధాంతం ఏదీ ఆ షోలకి ముందూ లేదు, తర్వాతా రాలేదు. దానికి దగ్గరలో ఉన్నది తిరగేసిన వాదన: క్షేత్రమే మెదడు మీద పనిచేసి దయ్యం ఉన్నట్టు అనిపింపజేస్తుందని. కెనడాలో మైకేల్ పెర్సింగర్ హెల్మెట్‌కి తీగచుట్టలు బిగించి, బలహీనమైన క్షేత్రాలతో ‘పక్కన ఎవరో ఉన్నట్టు’ అనిపింపజేయవచ్చన్నాడు. స్వీడన్‌లో ఉప్సలా పరిశోధకులు, చేసేవాళ్లకీ చేయించుకునేవాళ్లకీ తెలియకుండా క్షేత్రం పెడుతూ తీస్తూ చూసి, 2005లో ప్రచురించారు. క్షేత్రం ఉన్నా లేకపోయినా తేడా రాలేదు, ఎవరు త్వరగా ప్రభావితమయ్యే మనుషులో వాళ్లకే వింత అనుభవాలు వచ్చాయి. లండన్‌లో క్రిస్ ఫ్రెంచ్ బృందం ఏకంగా ఒక ‘దయ్యాల గది’ కట్టి, గోడల వెనక తీగచుట్టలు, చెవికందని శబ్దం పెట్టి, 79 మందిని లోపలికి పంపింది. చాలామందికి ఏదో ఒకటి అనిపించింది. అదీ స్విచ్చు ఆన్‌లో ఉందా ఆఫ్‌లో ఉందా అన్నదానితో సంబంధం లేకుండానే! ‘మీకు వింతగా అనిపించవచ్చు’ అని ముందే చెప్పడం సరిపోయింది.

మనసుకి మామూలు ఇంద్రియాల్ని మించిన శక్తి ఉందా అని చూసే పరామనోవిజ్ఞానం అంటే ఈ లైట్లే అనుకునేవాళ్లకి విశాఖపట్నం గుర్తు చేయాలి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో మనోవిజ్ఞానంతో పాటు పరామనోవిజ్ఞానం పేరు కూడా పెట్టుకున్న శాఖ ఉండేది. దాన్ని నిలబెట్టిన కోనేరు రామకృష్ణారావు అమెరికాలో పరామనోవిజ్ఞాన పరిశోధకుడు జె.బి. రైన్‌తో పనిచేసినవారు, తర్వాత అదే విశ్వవిద్యాలయానికి ఉపకులపతి అయ్యారు, 2011లో పద్మశ్రీ అందుకున్నారు. ఆ సంప్రదాయంలో చేతిలో ఉండేవి మీటర్లు కావు, చూడకుండానే బొమ్మ చెప్పగలరా అని పరీక్షించే, పేకముక్కల్లాంటి జెనర్ కార్డులు: వలయం, కూడిక గుర్తు, అలలు, చతురస్రం, నక్షత్రం. ఒక్కోటి అయిదు చొప్పున 25. ఊరికే చెప్పినా సగటున 5 సరిపోతాయి. 9 లేదా ఆపైన సరిపోవడం దాదాపు ఇరవై ఒక్కమందిలో ఒకరికి అదృష్టం కొద్దీ జరుగుతుంది. అంటే ఇరవై మంది స్నేహితుల్ని కూర్చోబెడితే ఒకరికి ‘శక్తి’ బయటపడుతుందన్నమాట. వాళ్ల ఫలితాలని ఒప్పుకోవాలా వద్దా అన్నది వేరే తగువు, రైన్ తొలి కార్డుల వెనక నుంచి బొమ్మ కనిపిస్తుందన్న విమర్శ అప్పుడే వచ్చింది. దాంతో మధ్యలో తెర పెట్టారు, మనుషుల్ని వేరే భవనాల్లో కూర్చోబెట్టారు. తప్పు ఎక్కడ జరగగలదో ముందు వెతకడం ఆ పద్ధతి. కె-2 షోలు దాన్ని తలకిందులు చేశాయి.

కొనడానికే నిశ్చయించుకుంటే ఆన్-ఆఫ్ స్విచ్ మోడల్ తీసుకుని, పైన చెప్పిన తీగచుట్ట పరీక్ష చేసి, వాడనప్పుడు బ్యాటరీ తీసి విడిగా పెట్టండి. దయ్యం కోసమే అయితే ఆ డబ్బుతో ఇంకో కిట్ కట్టుకోవచ్చు. 1937లో ఇంగ్లండ్‌లో దయ్యాల కొంపగా పేరుపడ్డ బోర్లీ రెక్టరీని ఏడాది అద్దెకి తీసుకుని కాపలా కాసిన దయ్యాల పరిశోధకుడు హ్యారీ ప్రైస్ పెట్టెలో మెత్తటి ఫెల్ట్ చెప్పులు, స్టీలు టేపు, గట్టి దారం, తలుపులకి వేయడానికి సీసం ముద్రలు, నేల అదురుతోందేమో చూడటానికి గిన్నెలో పాదరసం ఉండేవి. ప్రైస్ మీద సవాలక్ష ఆరోపణలున్నాయి, కానీ ఆ పెట్టెలోవి ఎక్కువగా మనిషి చేసే మోసాన్నీ ఇల్లు చేసే మోసాన్నీ పట్టుకునే సామాన్లు. మన దగ్గర కుట్టుదారం రీలు, మాస్కింగ్ టేపు, గడప దగ్గర చల్లడానికి గుప్పెడు ముగ్గుపిండి చాలు. దారం నేలకి జానెడు ఎత్తులో కట్టండి, పిల్లి కింద నుంచి దూరిపోతుంది, మనిషి కాలు తగులుతుంది. టేపు సగం తలుపు మీద, సగం చట్రం మీద అంటించి సంతకం పెట్టండి. పాదరసం విషం కాబట్టి వద్దు, అంచుదాకా నీళ్లు పోసిన పళ్లెం పెట్టుకోండి. ఎవరైనా మూర్ఛపోతే పట్టడానికి ప్రైస్ ఒక బ్రాందీ సీసా కూడా పెట్టుకునేవాడు. అది కిట్‌లో ఉండాలా వద్దా అన్నది మీ ఇంట్లోవాళ్లని అడగండి.